సగం పాయింటుకు ప్రతిపదార్థం

నిజామాబాద్‌లో చెస్ పోటీ ముగిసిన ఆదివారం సాయంత్రం హాలు బయట నిలబడితే రెండు మాటలే ఎక్కువ వినపడతాయి: గెలిచిండు, ఓడిండు. మూడో ఫలితం వచ్చినప్పుడే ఇంటి పెద్దలకు తికమక. “డ్రా అంటే ఏందిరా? గెలిచినవా, ఓడినవా?” “రెండూ కాదు బాపూ.” “మరి గిన్ని గంటలు లోపల ఏం చేసినవ్?” ఆ తండ్రి అడిగినదాంట్లో తప్పేమీ లేదు. బాక్సర్ నిఖత్ జరీన్‌ను ప్రపంచానికిచ్చిన ఊరు ఇది. బాక్సింగ్ రింగులో చివరికి రెఫరీ ఒక్కరి చెయ్యే పైకెత్తుతాడు. ఇద్దరి చేతులూ ఎత్తే ఆటను అర్థం చేసుకోవడానికి కొంత ఓపిక కావాలి.

బాపు ప్రశ్నకు జవాబు పిల్లవాడి జేబులో మడతపెట్టి ఉన్న స్కోరు షీటులో ఉంది. దాన్ని ఎత్తు ఎత్తుగా చదవాలి. పద్యానికి పంతులుగారు చేసినట్టు, డ్రా అయిన ఒక ఆటను ముందు పెట్టుకుని ప్రతిపదార్థం చెప్పడమే ఇక్కడి పని. నేను తీసుకున్నది 2018 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆరో ఆట. నవంబర్ 16న లండన్‌లో తెల్ల పావులతో నార్వేకు చెందిన మాగ్నస్ కార్ల్‌సన్, నల్ల పావులతో అమెరికాకు చెందిన ఫాబియానో కరువానా ఆడారు. ఈ ఆటనే ఎందుకు ఎంచుకున్నానంటే, రెండు వైపులా ఒకేలా నడిచే ఓపెనింగు అంటే చప్పగా ఉంటుందనే మాటకు ఇంతకన్నా గట్టి సమాధానం నాకు కనపడలేదు.

మూలం:

1. ఇ4 – ఇ5
2. గుర్రం ఎఫ్3 – గుర్రం ఎఫ్6
3. గుర్రం × ఇ5 – డి6
4. గుర్రం డి3 – గుర్రం × ఇ4
5. మంత్రి ఇ2 – మంత్రి ఇ7
6. గుర్రం ఎఫ్4 – గుర్రం సి6
7. గుర్రం డి5 – గుర్రం డి4
8. గుర్రం × ఇ7 – గుర్రం × ఇ2
9. గుర్రం డి5 – గుర్రం డి4
10. గుర్రం ఎ3 – గుర్రం ఇ6
…
80వ ఎత్తు దగ్గర ½–½

తెల్ల పావుల వైపు కూర్చుని చూస్తే నిలువు వరుసలు ఎడమ నుంచి కుడికి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్. అడ్డు వరుసలు మన దగ్గరి నుంచి అవతలికి 1 నుంచి 8. గుణకారం గుర్తు ఉంటే అక్కడి పావును కొట్టినట్టు. బోధన్, నిజామాబాద్ పాత గల్లీల్లో ఆట నేర్చినవాళ్లు మంత్రిని వజీర్ అని, బంటును ప్యాదా అని చదువుకోవచ్చు. బోర్డు ఒకటే.

ఇ4 – ఇ5

తెల్లవారు రాజు ముందరి బంటును రెండు గళ్లు నడిపారు. నల్లవారూ అదే చేశారు. ఇప్పుడు బోర్డుకు అటూ ఇటూ ఒకటే బొమ్మ. అయినా ఇద్దరూ సమానం కారు, ఎందుకంటే తర్వాతి ఎత్తు తెల్లవారిది.

ఈ తేడా బోధన్ రైతుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. ఆ నీళ్లను నమ్ముకుని చెరకు పెరిగింది, ఆ చెరకును నమ్ముకుని 1937లో శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ లేచింది. కాలువ కింద అదే నల్లరేగడి, అదే చెరకు, అదే ఎరువు. అయినా తూముకు దగ్గరున్న పొలం ముందు తడుస్తుంది, చివరి పొలం తన వంతు కోసం ఎదురుచూస్తుంది. ముందు నీళ్లు అందినవాడు అజాగ్రత్తగా ఉంటే చివరి పొలమే బాగా పండిన ఏడాదీ ఉంటుంది. తెల్ల పావులకున్న లాభం ఇంత మాత్రమే. పెద్ద స్థాయి ఆటలన్నీ కలిపి లెక్కేస్తే తెల్లవారికి నూటికి 54 పాయింట్ల దాకా వస్తాయి. మిగతాదంతా నల్లవారి నేర్పు.

రెండు వైపులా ఒకేలా నిలిచే ఓపెనింగులు ఇంకా ఉన్నాయి. సి4కు సి5 జవాబిచ్చే ఇంగ్లిష్, డి5 మీద బంట్లు మార్చుకునే ఫ్రెంచ్ ఎక్స్‌ఛేంజి, స్లావ్ ఎక్స్‌ఛేంజి అన్నీ ఈ కుటుంబానివే. వాటి జోలికి ఇప్పుడు పోను.

గుర్రం ఎఫ్3 – గుర్రం ఎఫ్6

తెల్ల గుర్రం ఇ5 బంటు మీదికి వచ్చింది. నల్లవారు తమ బంటును కాపాడుకోలేదు. తమ గుర్రాన్ని తీసి తెల్లవారి ఇ4 బంటు మీదికి పంపారు. దీని పేరు పెట్రోఫ్ డిఫెన్స్. పందొమ్మిదో శతాబ్దపు రష్యన్ ఆటగాడు అలెగ్జాండర్ పెత్రోవ్ (1794–1867) పేరు మీద వచ్చింది, రష్యన్ డిఫెన్స్ అని కూడా అంటారు.

మన జిల్లాల్లో చాలామంది కోచ్‌లు పిల్లలకు దీన్ని నేర్పడానికి వెనకాడతారు. “డ్రా ఓపెనింగ్, వద్దు” అంటారు. నేను ఒప్పుకోను. పదేళ్ల పిల్లకు దీన్నే మొదట నేర్పాలంటాను. ఎదుటివాడు నా బంటును బెదిరిస్తే నేను అతని బంటును బెదిరించవచ్చు, కాపాడుకోవడం ఒక్కటే దారి కాదు అనే సంగతి ఇంత సూటిగా చూపించే ఓపెనింగు మరొకటి లేదు.

గుర్రం × ఇ5 – డి6

సౌష్టవం ఇక్కడ ఆగింది. ఆగకపోతే ఏమవుతుందో బోర్డు మీద పెట్టి చూడండి.

తెల్ల గుర్రం ఇ5 బంటును కొట్టింది కదా అని నల్లవారూ వెంటనే ఇ4 బంటును కొట్టారనుకుందాం. తెల్లవారు మంత్రిని ఇ2కు తెస్తారు, ఇ4లోని నల్ల గుర్రం దాడిలో పడుతుంది. అది భయపడి ఎఫ్6కు వెనక్కి వెళ్తే ఆట అక్కడికే ముగిసినట్టు. ఇ5లోని తెల్ల గుర్రం సి6కు దూకుతుంది. అది జరగ్గానే దాని వెనకున్న మంత్రి నల్లరాజుకు చెక్ ఇస్తుంది, సి6లోని గుర్రమేమో డి8లోని నల్ల మంత్రిని చూస్తూ ఉంటుంది. రాజును తప్పించేలోపు మంత్రి పోతుంది. అయిదు ఎత్తుల్లో మంత్రి లేకుండా కూర్చున్న చిన్నపిల్లలను ఏ ఊరి పోటీలోనైనా చూడొచ్చు.

ఇంకా పొడుగ్గా అనుకరించే దారి ఫోర్ నైట్స్ ఓపెనింగులో ఉంది. రెండు గుర్రాలు, ఒంటెలు, కోట కట్టడం, పావును కదలనీయకుండా కట్టేసే పిన్నులు, ఆఖరికి మంత్రి ఎత్తు కూడా నల్లవారు 12 ఎత్తుల దాకా అచ్చంగా తెల్లవారిలాగే వేసుకుంటూ పోవచ్చు. 13వ ఎత్తులో తెల్లవారు చెక్ ఇస్తారు. చెక్ వచ్చినప్పుడు ముందు రాజు సంగతి చూడాలి, అనుకరణ కుదరదు. అక్కడి నుంచి 16వ ఎత్తుకల్లా మేట్.

కాబట్టి డి6 అనే చిన్న బంటు ఎత్తు చాలా విలువైనది. ముందు గుర్రాన్ని తరిమి, తర్వాత బంటును తీసుకోవాలి. అందుకే పెట్రోఫ్ ఆడేవాడు ఎదుటివాడిని చూసి కాపీ కొడుతున్నాడనడం అన్యాయం. ఎక్కడ కాపీ ఆపాలో తెలిసినవాడే ఈ ఓపెనింగు ఆడగలడు.

గుర్రం డి3 – గుర్రం × ఇ4

తెల్ల గుర్రం మామూలుగా ఎఫ్3కు వెనక్కి వెళ్తుంది. కార్ల్‌సన్ డి3కి తీసుకెళ్లారు. సొంత డి బంటుకే అడ్డం పడే ఎత్తు ఇది, చూడటానికి అందంగా ఉండదు. పుస్తకాల్లో బాగా తొక్కిన దారి నుంచి ప్రత్యర్థిని పక్కకు లాగడమే దీని ఉద్దేశం. నల్లవారు బంటును తిరిగి తీసుకున్నారు. బంట్లు మళ్లీ సమానం.

మంత్రి ఇ2 – మంత్రి ఇ7

ఈ ఎత్తు దగ్గర కాసేపు ఆగుదాం. మంత్రి ఇ2 అనేది పెట్రోఫ్ చరిత్రలో మన దేశానికి బాగా గుర్తున్న ఎత్తు.

ఇ వరుసలో ఇప్పుడు బంట్లు లేవు. తెల్ల మంత్రి ఇ2లో, నల్ల గుర్రం ఇ4లో, నల్ల రాజు ఇ8లో నిలబడ్డాయి. గుర్రం కదిలితే రాజుకు చెక్ తగులుతుంది కాబట్టి అది కదలలేదు. కదలని గుర్రాన్ని మంత్రి కొట్టబోతోంది. కరువానా తన మంత్రిని ఇ7కు తెచ్చి రాజుకు అడ్డం పెట్టారు, గుర్రానికి కాపలా కూడా పెట్టారు. ఇప్పుడు తెల్ల మంత్రి గుర్రాన్ని కొడితే నల్ల మంత్రి ఆ మంత్రినే కొడుతుంది.

ఇక పాత కథ. 1987లో శాన్‌ఫ్రాన్సిస్కో పోటీలో టోనీ మైల్స్, లారీ క్రిస్టియన్సన్ అనే ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లు ఇదే పెట్రోఫ్ ఆడారు. నాలుగో ఎత్తులో తెల్ల గుర్రం ఎఫ్3కు వెళ్లింది, అయిదో ఎత్తులో తెల్లవారి రెండో గుర్రం సి3కి వచ్చింది, నల్లవారు ఒంటెను ఎఫ్5కు తెచ్చి ఇ4 గుర్రానికి కాపలా పెట్టారు. మైల్స్ గుర్రాలను మార్చుకున్నారు. ఆట డ్రా. ఫలితం మాత్రమే చూస్తే ఎవరికీ ఏ అనుమానమూ రాదు.

మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లోని బీల్‌లో కొలంబియా ఆటగాడు అలొన్సో జపాతా మీద పద్దెనిమిదేళ్ల విశ్వనాథన్ ఆనంద్ నల్ల పావులతో అదే దారిలో వెళ్లారు, అదే ఒంటె ఎఫ్5 వేశారు. జపాతా ఆరో ఎత్తుగా మంత్రిని ఇ2కు తెచ్చారు. ఆనంద్ అక్కడికక్కడే ఓటమి ఒప్పుకున్నారు. గుర్రం పిన్నులో ఉంది. కరువానా చేసినట్టు మంత్రిని ఇ7కు తెద్దామంటే సి3లోని తెల్ల గుర్రం డి5కు దూకి ఆ మంత్రినే తరుముతుంది. డి5కు బంటు తోసి కాపాడదామంటే తెల్లవారి డి బంటు డి3కి వచ్చి కదలలేని గుర్రాన్ని కొట్టుకుపోతుంది. ఎటు చూసినా ఒక పావు పోతుంది.

భారత తొలి గ్రాండ్‌మాస్టర్, తర్వాత అయిదుసార్లు ప్రపంచ చాంపియన్ అయినవాడు, ఆరు ఎత్తుల్లో ఆట వదిలేశాడు. ఈ సంగతిని చాలామంది నవ్వుతూ చెప్పుకుంటారు. నాకు దానిలో కనపడేది వేరు. శాన్‌ఫ్రాన్సిస్కో ఆటలోనూ మంత్రి ఇ2 అక్కడే ఉంది, ఎవరో ఒకరు వేస్తే చాలు. కాగితం మీద పడిన ½–½ ఆ ఎత్తును కప్పేసింది. డ్రా అయింది కాబట్టి ఓపెనింగు సరైనదే అని అనుకుంటే ఎంత ముప్పో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ లేదు. డ్రా ఆటలను గెలిచిన ఆటలకన్నా అనుమానంగా, ఎత్తు ఎత్తూ పట్టి చూడాలని నేను గట్టిగా అనడానికి కారణం ఇదే. ఆ ఒంటె ఎత్తుకు బదులుగా ఏం వేయాలో నేర్చుకునేవారు రాసుకోండి: నల్ల గుర్రంతో సి3 గుర్రాన్ని కొట్టండి, తెల్లవారు డి బంటుతో తిరిగి కొడతారు, ఆట నడుస్తుంది.

గుర్రం ఎఫ్4 – గుర్రం సి6. గుర్రం డి5 – గుర్రం డి4. గుర్రం × ఇ7 – గుర్రం × ఇ2. గుర్రం డి5 – గుర్రం డి4

ఈ నాలుగు జతలను విడదీసి చెబితే అందం పోతుంది, కలిపే చదవాలి.

తెల్ల గుర్రం ఎఫ్4కు వచ్చింది. డి5కు వెళ్లి నల్ల మంత్రిని పట్టాలని దాని చూపు. మామూలు ఆటగాడైతే ముందే జాగ్రత్తపడతాడు. కరువానా తన రెండో గుర్రాన్ని తీసి సి6లో పెట్టి, రా అన్నారు. తెల్ల గుర్రం డి5కు వచ్చి మంత్రిని బెదిరించింది. నల్ల మంత్రి ఇ వరుసను వదిలి పారిపోతే ఇ4లోని గుర్రం పోతుంది. అందుకని నల్ల గుర్రం డి4కు దూకి తెల్ల మంత్రిని బెదిరించింది. నా మంత్రిని తీసుకో, నీ మంత్రిని తీసుకుంటా. రెండు మంత్రులూ రెండు గుర్రాల చేతిలో పోయాయి. కొట్టిన గుర్రాలు రెండూ శత్రువు ఇంటి గుమ్మంలో చిక్కకుండా మళ్లీ వచ్చిన దారినే డి5కు, డి4కు తిరిగి వచ్చాయి.

లెక్క కూడా చూడండి. పది ఎత్తుల్లో కార్ల్‌సన్ ఎనిమిది గుర్రంతోనే వేశారు, అందులో ఏడు ఒకే గుర్రానివి: ఎఫ్3, ఇ5, డి3, ఎఫ్4, డి5, ఇ7, మళ్లీ డి5. కరువానావి పదింట్లో ఏడు గుర్రపు ఎత్తులు. ఓపెనింగులో ఒకే పావును రెండుసార్లు కదపొద్దని పిల్లలకు మొదటి పాఠంగా చెబుతాం. ఆ పాఠం అబద్ధం కాదు. ప్రతి ఎత్తులోనూ ఒక బెదిరింపు ఉన్నంతవరకు మాత్రం ఎదుటివాడికి కూడా వేరే పావును తీసే తీరిక దొరకదు, అంతే.

ఒక పక్క మాట. మన దగ్గర అనుభవం ఉన్న ఆటగాళ్లు కూడా మంత్రులు మారిపోగానే “ఇగ డ్రానే” అని చేతులు చాపుతుంటారు. ఈ ఆటలో మంత్రులు ఎనిమిదో ఎత్తుకే పోయాయి. ఆట మరో 72 ఎత్తులు నడిచింది.

గుర్రం ఎ3 – గుర్రం ఇ6

తొమ్మిదో ఎత్తు తర్వాత డి5లోని తెల్ల గుర్రం సి7ను చూస్తోంది. అక్కడ బంటును కొట్టి చెక్ ఇస్తే పక్కనున్న ఏనుగు కూడా దొరుకుతుంది. డి4లోని నల్ల గుర్రానికి సి2 దగ్గర సరిగ్గా అదే అవకాశం. ఎత్తు తెల్లవారిదే కదా, ముందు కొట్టొచ్చు కదా? కొడితే నల్లవారు కూడా కొడతారు. పైగా ఇ4లో ఉన్న నల్లవారి ఇంకో గుర్రం ఎఫ్2 మీద కన్నేసి ఉంది, తెల్లవారికి దానికి జత లేదు. బొమ్మ ఒకేలా కనపడుతున్నా ఒక్క గుర్రం తేడా ఉంది. కార్ల్‌సన్ ఆశపడలేదు, ఎ3 నుంచి సి2కు కాపలా పెట్టారు. కరువానా ఇ6 నుంచి సి7కు కాపలా పెట్టారు.

చుక్కలు

పదకొండో ఎత్తు నుంచి అన్నిటినీ మూలంలో చుక్కలతో దాటేశాను. క్లుప్తంగా చెప్పాలంటే ఆట నెమ్మదిగా కరువానా వైపు ఒరిగింది. కార్ల్‌సన్ ఒక దశలో ఒక పావు తక్కువతో, బదులుగా బంట్లతో నిలబడి, ప్రత్యర్థి లోపలికి రాలేని కోట కట్టుకోవాల్సి వచ్చింది. గెలవాలని చూసింది నల్లవారు, ప్రాణం కాపాడుకున్నది తెల్లవారు. డ్రా ఓపెనింగు అని పేరుపడ్డ దానిలోంచి ఇంత దూరం వచ్చిందీ ఆట.

68వ ఎత్తు

ఆటను చూస్తున్న నార్వే సూపర్ కంప్యూటర్ సెసె ఇక్కడ నల్లవారికి గెలుపు ఉందని చూపింది. ఒంటెను హెచ్4కు తీసుకెళ్లాలి. ఆ తర్వాత నల్ల గుర్రం బోర్డు చివరి వరుసలో జి1 దాకా వెళ్లి తన దారిని తానే మూసుకున్నట్టు కనపడే ఎత్తు వేయాలి. గంటల తరబడి కూర్చున్న మనిషి మెదడుకు ఆ దారి కనపడదు. కరువానాకు కనపడలేదు, ఎవరికీ కనపడేది కాదు. ఆయన వేరే ఎత్తు వేశారు, కోట నిలిచింది.

కంప్యూటర్ చెప్పింది కాబట్టి గెలిచే ఆటను పోగొట్టుకున్నాడని ఆ మర్నాడు చాలామంది తేలిగ్గా మాట్లాడారు. అది సరికాదు. మనిషి ఆడే ఆటను మనిషి చూడగలిగిన దానితోనే తూచాలి. మొబైల్‌లో ఇంజను తెరిచి పెట్టుకుని పన్నెండేళ్ల పిల్లవాడిని “గీ ఎత్తు ఎందుకు కనపడలే?” అని అడిగే పెద్దలు ఈ 68వ ఎత్తును గుర్తుంచుకోవాలి.

½–½

ఇద్దరికీ చెరి సగం. ఆ పోటీలో మామూలు కాలవ్యవధి (క్లాసికల్) ఆటలు 12 జరిగితే 12 కూడా డ్రాలే. ప్రపంచ చాంపియన్‌షిప్ చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. టైబ్రేక్‌గా తక్కువ వ్యవధితో ఆడిన రాపిడ్‌లో కార్ల్‌సన్ 3–0తో టైటిల్ నిలబెట్టుకున్నారు. అంతకుముందు 1984–85లో కార్పోవ్, కాస్పరోవ్ ఆడిన 48 ఆటల్లో 40 డ్రాలు. ఆ పోటీ ఫలితం తేలకుండానే ఆపేశారు.

ఇక మన తెలుగువాళ్ల సగాల దగ్గరికి వద్దాం. 2011లో అల్బేనియా రాజధాని టిరానాలో కోనేరు హంపి ప్రపంచ టైటిల్ కోసం చైనాకు చెందిన హౌ ఇఫాన్‌తో ఆడింది, 2.5–5.5తో ఓడింది. ఆ రెండున్నరా అయిదు డ్రాలు కలిపి వచ్చినవే, ఒక్క గెలుపూ లేదు. సగం సగంగా నిలబడ్డా, ఎక్కడో ఒకచోట పూర్తి పాయింటు తీయకపోతే మ్యాచ్ చేతికి రాదు. 2025 జులైలో జార్జియాలోని బతూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో హంపి, దివ్యా దేశ్‌ముఖ్‌ల మధ్య రెండు క్లాసికల్ ఆటలూ డ్రా, మొదటి రాపిడ్ కూడా డ్రా, రెండో రాపిడ్‌లో దివ్య గెలిచింది. హంపి 2019లో మాస్కోలో తొలి ప్రపంచ రాపిడ్ టైటిల్ గెలిచినప్పుడు ప్లేఆఫ్ అర్మగెడాన్ దాకా వెళ్లింది. ఆ పద్ధతిలో తెల్లవారికి గడియారంలో సమయం ఎక్కువ ఇస్తారు, బదులుగా నల్లవారికి డ్రా అయినా గెలుపు కింద లెక్క. అక్కడ సగం పాయింటే బంగారు పతకం కాగలదు.

హనుమకొండ కుర్రాడు ఎరిగైసి అర్జున్ 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో 11 ఆటల్లో 10 పాయింట్లు తెచ్చాడు: తొమ్మిది గెలుపులు, రెండు డ్రాలు, ఓటమి లేదు. భారత జట్టు ఆ పోటీలో పది మ్యాచ్‌లు గెలిచి ఒక్కటే సమం చేసుకుంది, తొమ్మిదో రౌండులో ఉజ్బెకిస్తాన్‌తో 2–2. ఆ రోజు గెలవాలన్న తొందరలో ఎవరైనా ఒక్కరు తూలి ఉంటే పరిస్థితి మారేది. ఎవరూ తూలలేదు, దేశానికి తొలి ఒలింపియాడ్ స్వర్ణం వచ్చింది.

శక్కర్‌నగర్ నుంచి బస్సెక్కి వచ్చే పిల్లకు సగం పాయింటు ఏమిస్తుందో అంకెల్లో చూద్దాం. ఆ అమ్మాయికి అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే ఇచ్చిన రేటింగ్ 1500, ఎదుటి మనిషిది 1700 అనుకుందాం. 200 తేడా ఉంటే లెక్క ప్రకారం ఆమె నుంచి ఆశించేది ఆటకు 0.24 పాయింటు. డ్రా చేస్తే 0.5 వస్తుంది, అంటే 0.26 ఎక్కువ. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు, రేటింగ్ 2300 దాటనంతవరకు, దీన్ని 40తో హెచ్చిస్తారు. 10.4 పాయింట్ల లాభం. అదే పిల్ల 1300 రేటింగ్ ఉన్నవారితో ఆదమరిచి డ్రా చేసి ఉంటే అంతే పోయేది, ఫిడే జాబితా 1400తో మొదలవుతుంది కాబట్టి అలాంటి జోడీ రాదనుకోండి. 1700 రేటింగ్ మనిషి మీద నాలుగు గంటలు నిలబడిన ఆ సగం పాయింటు ఆమె సొంత సంపాదన. అక్కడి చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాక ఇంటి ఖర్చు లెక్క చూసుకుని బతుకుతున్న కుటుంబాల నుంచి, ఎంట్రీ ఫీజూ బస్సు చార్జీ కూడబెట్టుకుని వస్తున్న పిల్లలు వీళ్లు. వాళ్ల సగానికి విలువ కట్టేటప్పుడు మనం జాగ్రత్తగా ఉండాలి.

డ్రా వచ్చే దారులు ఎక్కువే. ఒకే స్థితి మూడుసార్లు వస్తే ఆటగాడు డ్రా అడగొచ్చు. వరుసగా యాభై ఎత్తుల్లో ఇద్దరిలో ఎవరూ బంటును కదపక, ఏ పావునూ కొట్టకపోయినా అడగొచ్చు. స్థితి అయిదుసార్లు వస్తే, లేదా అలా 75 ఎత్తులు గడిస్తే, ఎవరూ అడగకపోయినా పోటీ నిర్ణేత అయిన ఆర్బిటరే ఆపేస్తారు. చెక్ లేకుండా, తన వంతులో రాజుకు గానీ మరే పావుకు గానీ చెల్లే ఎత్తు లేకపోతే స్టేల్‌మేట్.

మూడుసార్ల నిబంధన దగ్గర పిల్లలు చాలా నష్టపోతున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. మూడోసారి ఆ స్థితి మీ ఎత్తుతో రాబోతుంటే ఎత్తు వేయకూడదు. ముందు స్కోరు షీటులో రాయాలి, గడియారం ఆపాలి, ఆర్బిటర్‌ను పిలవాలి. పావును ముట్టుకున్నారా, ఆ ఎత్తు మీద అడిగే హక్కు పోయినట్టే. మూడు స్థితులూ పక్కపక్కనే రావాల్సిన అవసరం లేదు, ఎత్తు ఎవరిదో, కోట కట్టే హక్కులు ఎలా ఉన్నాయో మాత్రం ఒకటిగా ఉండాలి. స్కోరు షీటు సరిగా రాయనివాడు దీన్ని రుజువు చేయలేడు.

(=)

స్కోరు షీటులో ఎత్తు పక్కన ఈ గుర్తు కనపడితే అక్కడ ఒకరు డ్రా ప్రతిపాదించారని అర్థం. ముందు సొంత ఎత్తు వేయాలి, తర్వాత నోటితో అడగాలి, ఆ తర్వాత గడియారం నొక్కాలి. ఎదుటివాడు ఆలోచిస్తున్నప్పుడు పదేపదే అడగడం నేరం కిందికే వస్తుంది.

ఈ గుర్తును నేను భయంతో చూస్తాను. పై స్థాయిలో బెర్లిన్ అనే ఓపెనింగులో 14 ఎత్తుల డ్రా ఒకటి బాగా పేరుపడింది. తెల్ల మంత్రి ఇ4 నుంచి చెక్ ఇస్తుంది, నల్ల మంత్రి ఇ6కు వచ్చి అడ్డం పడుతుంది, తెల్ల మంత్రి డి4కు వెళ్తుంది, నల్ల మంత్రి డి6కు వెళ్తుంది, మళ్లీ అదే. మూడుసార్లు తిరగగానే ఇద్దరూ లేచి వెళ్లిపోవచ్చు. పోరాడకుండా మాటతో ఒప్పుకునే డ్రాలను ఆపాలనే 2005లో బల్గేరియాలోని సోఫియా పోటీలో ఆటగాళ్లు తమలో తాము డ్రా ఒప్పుకోకూడదని నిబంధన పెట్టారు. సోఫియా నిబంధన అనే పేరు అప్పటి నుంచే స్థిరపడింది.

జిల్లా పోటీల్లో ఇబ్బంది చివరి రౌండులో వస్తుంది. ముందంజలో ఉన్న ఇద్దరు పది ఎత్తులు గబగబా వేసి చేతులు కలిపి బహుమతి పంచుకుంటారు. డబ్బు అవసరం నాకు అర్థమవుతుంది. అయినా ఆ ½–½కూ, 80 ఎత్తులు పోరాడి వచ్చిన ½–½కూ కాగితం మీద తేడా కనపడదు. ఆ రెండూ ఒకటే అని పక్క బోర్డులో కూర్చున్న పదేళ్ల పిల్లవాడు నేర్చుకుంటాడు. నేను ఒప్పుకోలేనిది ఇదే.

ఫిడే నియమాల్లో దీనికి దారి ఇప్పటికే ఉంది. ఆర్బిటర్ అనుమతి లేకుండా ఇన్ని ఎత్తుల లోపు పరస్పర అంగీకారంతో డ్రా కుదరదని పోటీ నిర్వాహకులే నిర్ణయించుకోవచ్చు. నిజామాబాద్‌లో, బోధన్‌లో, వర్నిలో, కోటగిరిలో పోటీలు పెట్టే పెద్దలందరికీ నా విన్నపం ఒక్కటే: వచ్చే పోటీ కరపత్రంలో ఎంట్రీ ఫీజు, బహుమతుల వరుస కింద ముప్పై ఎత్తుల లోపు డ్రా ఒప్పుకోకూడదనే నిబంధనను ఒక్క వాక్యంగా అచ్చు వేయించండి.